పేరు లేని గాలివాన

మే నెల మధ్యాహ్నం మూడున్నర. విశాఖ ఆటోనగర్‌లో రేకుల షెడ్ల కింద ఎండ కన్నా ఉక్కే ఎక్కువ. లారీ క్యాబిన్‌కు డెంటింగ్ చేస్తున్న మనిషికి చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఉంటుంది. సముద్రం మీది నుంచి వచ్చే గాలి ఉన్నట్టుండి ఆగిపోతుంది. సింహాచలం కొండల వెనక, పెందుర్తి వైపు, మబ్బు నల్లగా లేస్తుంది. కాసేపటికి ముందు దుమ్ము, దాని వెనకే చల్లటి గాలి, ఆ వెంటనే లావుపాటి చినుకులు. సరిగా బిగించని రేకు ఒకటి లేచిపోయి పక్క షెడ్డు మీద పడుతుంది. కరెంటు పోతుంది. అరగంట తిరిగేసరికి రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లు, ఆ నీళ్ల మీద పాత ఇంజన్ ఆయిల్ రంగురంగుల తెట్టెగా తేలుతుంది. గంటన్నరలో అంతా సద్దుమణుగుతుంది. మర్నాడు పొద్దున ఎండ మళ్లీ మామూలే.

విశాఖకు తుపాను కొత్త కాదు. 2014 అక్టోబరు 12న, ఆదివారం నాడు, హుద్‌హుద్ నేరుగా ఈ నగరం దగ్గరే తీరం దాటింది. విమానాశ్రయం పైకప్పు చీలికలైంది. వీధుల్లో నిలబడ్డ చెట్ల కన్నా కూలిన చెట్లే ఎక్కువ కనిపించాయి. 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నం దగ్గర తీరం దాటి, తెల్లారేసరికి విశాఖ కాలనీలను నీళ్లలో ముంచింది. పెద్ద దెబ్బలే ఇవి. అయినా హుద్‌హుద్ వస్తోందని రోజుల ముందే తెలుసు. పోర్టులో ప్రమాద సూచికలు ఎగరేశారు, పడవలు ఒడ్డుకు చేరాయి, తీరం వెంబడి జనాన్ని షెల్టర్లకు తరలించారు. బంగాళాఖాతంలో ఆ సుడి ఎటు కదిలితే అటు టీవీలన్నీ కళ్లు పెట్టుకుని కూర్చున్నాయి.

వేసవి గాలివానకు అంత వ్యవధి ఉండదు. పుట్టడం, పెరగడం, కురవడం, విరిగిపోవడం అన్నీ రెండు మూడు గంటల్లోనే. దానికి పేరు పెట్టే తీరిక ఎవరికీ ఉండదు, అందుకే అది విపత్తుల జాబితాలో పైకి రాదు. వచ్చినప్పుడు హమ్మయ్య, చల్లబడింది అనుకుంటాం. ఎవరైనా చనిపోతే దాన్ని గోడ కూలిన ఘటనగానో, కరెంటు తగిలిన ఘటనగానో, పిడుగుపాటుగానో విడివిడిగా రాసుకుంటాం. విడివిడిగా రాసుకున్న ఆ మరణాలన్నీ ఒక్క వాన కింద కలిపి చూస్తే తప్ప ఈ కాలంలో మనం ఎంత ఏమరుపాటుగా ఉంటున్నామో అర్థం కాదు.

అప్పన్న కొండ మీద ఆ తెల్లవారుజాము

2025 ఏప్రిల్ 30. సింహాచలం అప్పన్న చందనోత్సవం. ఏడాది పొడుగునా చందనం పూతలో ఉండే స్వామి వైశాఖ శుద్ధ తదియ, అంటే అక్షయ తదియ నాడు ఒక్కరోజు నిజరూపంలో కనిపిస్తాడు. ఆ దర్శనం కోసం ఉత్తరాంధ్ర, ఒడిశా జనం ముందు రాత్రి నుంచే కొండెక్కి క్యూలో నిలబడతారు. ఆ రాత్రి నగరం మీద గాలివాన విరుచుకుపడింది. తెల్లవారుజామున, మూడు వందల రూపాయల టికెట్ల క్యూలైను పక్కన కొత్తగా కట్టిన గోడ భక్తుల మీద కూలింది. ఏడుగురు చనిపోయారు. ప్రభుత్వం ముగ్గురు సభ్యులతో విచారణ జరిపించింది. నివేదిక వచ్చాక అధికారులు సస్పెండయ్యారు, కాంట్రాక్టరును బ్లాక్‌లిస్టులో పెట్టారు.

అక్షయ తదియ ఎప్పుడు వచ్చినా ఏప్రిల్ మూడో వారానికీ మే మూడో వారానికీ మధ్యనే వస్తుంది. కోస్తాంధ్రలో ఉరుములు మెరుపులతో గాలివానలు వచ్చే రోజులు సరిగ్గా అవే. పండగ తేదీ పంచాంగంలో ఏడాది ముందే ఉంటుంది. ఆ రాత్రి వాన పడవచ్చునని ఊహించడానికి రాడార్ అక్కర్లేదు. కొండవాలు మీద, వేలమంది ఒరుసుకుంటూ నడిచే దారి పక్కన లేపే గోడ ఒక రాత్రి వానకు ఓర్చుకుంటుందా అన్న ప్రశ్న పునాది తీసే రోజునే వేసుకోవలసింది. వాన వల్ల గోడ కూలిందన్నది సగం నిజమే. వాన పడే కాలంలో, వాన పడదన్న ధీమాతో కట్టడం మిగతా సగం.

దానికి ఏడాది ముందు, 2024 మే 7 సాయంత్రం, హైదరాబాద్ శివారు బాచుపల్లిలో ఇదే జరిగింది. ఎండలు మండిపోతున్న రోజుల్లో ఒక్కసారిగా కుండపోత. అపార్ట్‌మెంట్ కడుతున్న చోట రిటైనింగ్ వాల్ కూలి, దాని పక్కన తాత్కాలిక గదుల్లో ఉంటున్న వలస కూలీలు ఏడుగురు చనిపోయారు. వారిలో నాలుగేళ్ల పిల్లవాడున్నాడు. ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌ల నుంచి పనికి వచ్చిన కుటుంబాలవి. అదే నెల 26న నాగర్‌కర్నూల్ జిల్లాలో ఈదురుగాలికి, కడుతున్న కోళ్ల షెడ్డు గోడ కూలి నలుగురు పోయారు.

మూడు చోట్లా మనుషుల మీద పడింది గోడే. ఎండకు బీటలు వారిన నేలలోకి తొలి వాన నేరుగా దిగిపోతుంది. గోడ వెనక మట్టి తడిసి బరువెక్కుతుంది. ఆ మట్టిలో చేరిన నీటికి బయటపడే దారి లేకపోతే అది గోడనే ముందుకు నెడుతుంది. అందుకే మట్టిని ఆపే గోడ కట్టేటప్పుడు దాని ఒంటి నిండా నీరు పోయే కన్నాలు వదలాలి, వెనక కంకర నింపాలి. మంచి తాపీ మేస్త్రీ ఎవరిని అడిగినా ఈ మాటే చెబుతాడు. దీనికి అయ్యే ఖర్చు గోడ ఖర్చులో చాలా కొద్ది. గాజువాక చుట్టుపక్కల, శ్రీహరిపురం, మల్కాపురం వైపు యారాడ కొండ వాలులో, ఇటు సింహాచలం కొండ పాదాన ఉన్న కాలనీల్లో ఒకసారి నడిచి వెళ్లి గోడలు చూడండి. ఎన్నింటికి ఆ కన్నాలున్నాయో లెక్కపెట్టండి. ఉన్న కన్నాల్లో ఎన్ని సిమెంటుతోనూ మట్టితోనూ పూడిపోయాయో అదీ చూడండి.

మబ్బు పుట్టేది కొండల మీద

వేసవి పగలంతా తూర్పు కనుమల రాళ్లు, వాటి అవతల ఒడిశా, ఛత్తీస్‌గఢ్ పీఠభూమి కాగుతూ ఉంటాయి. బంగాళాఖాతం మీది నుంచి తేమ నిండిన గాలి అటు లోపలికి పోతుంది. వేడెక్కిన నేల ఆ తడిగాలిని పైకి నెడుతుంది. పైన చాలా ఎత్తులో గాలి చల్లగా, పొడిగా ఉన్న రోజున ఆ నెట్టుడు ఆగదు. ఛత్తీస్‌గఢ్ నుంచి తెలంగాణ, రాయలసీమల మీదుగా తమిళనాడు దాకా ద్రోణి ఉందని వాతావరణ శాఖ వేసవి బులెటిన్లలో తరచూ వింటుంటాం. రెండు రకాల గాలులు ఎదురుపడే గీత అది. ఆ గీత దగ్గర గాలి పైకి లేవడం మరింత సులువు. మబ్బు పన్నెండు, పదిహేను కిలోమీటర్ల ఎత్తు వరకు పెరుగుతుంది. దాన్నే క్యుములోనింబస్ మేఘం అంటారు. పై గాలులు దాన్ని పడమటి నుంచి తూర్పుకు, అంటే కొండల నుంచి తీరం వైపు తోలుతాయి. అరకు, పాడేరుల్లో మధ్యాహ్నం లేచిన మబ్బు విశాఖకు సాయంత్రానికో, రాత్రికో చేరడం అందుకే.

ఆ మబ్బులోంచి పడే చినుకుల్లో కొన్ని దారిలోనే ఆవిరవుతాయి. ఆవిరవుతూ చుట్టూ ఉన్న గాలిని చల్లబరుస్తాయి. చల్లబడిన గాలి బరువెక్కి ఒక్క ఊపున కిందికి దిగి, నేలను తాకి నాలుగు దిక్కులకూ పరుచుకుంటుంది. చినుకు కన్నా ముందు మన ముఖానికి తగిలే చల్లగాలి అదే. హాయిగా ఉందని షెడ్డు బయటికి వచ్చి నిలబడతాం. రేకులు లేపేదీ, హోర్డింగులు పడగొట్టేదీ, చెట్టు కొమ్మను తీగల మీద వేసేదీ కూడా ఆ గాలే. ఆ చల్లదనం తగిలిందంటే లోపలికి వెళ్లవలసిన వేళ అయిందన్నమాట.

గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు ఏడు శాతం ఎక్కువ నీటి ఆవిరిని మోయగలదు. బంగాళాఖాతమూ వేడెక్కుతోంది. ఒక గంట వానలో ఇప్పుడు పడే నీరు, మన డ్రైన్లు కట్టిన నాటి లెక్కలకు లోబడి పడదు.

పిడుగు

2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు పడ్డాయని రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ లెక్క తేల్చింది. అంతకు ముందు ఏడాది మే నెల మొత్తానికి నమోదైనవి ముప్పై వేలు. ఆ ఒక్కరోజున తొమ్మిది మంది చనిపోయారు, వారిలో ఒకరు తొమ్మిదేళ్ల పాప. దేశం మొత్తం మీద 2022లో పిడుగుపాటుకు 2,887 మంది బలయ్యారని జాతీయ నేర గణాంకాల బ్యూరో నివేదిక చెబుతోంది. ఆ ఏడాది ప్రకృతి వైపరీత్యాల్లో పోయిన ప్రాణాల్లో ఇది మూడో వంతు కన్నా ఎక్కువ.

పిడుగుకు బలయ్యేది పొలంలో ఉన్న రైతు, మేకల కాపరి, మామిడి తోటలో కాయలు ఏరే కూలి అని మనం అనుకుంటాం. నిజమే, ఎక్కువమంది వాళ్లే. కానీ ఉక్కు నగరంలోనూ ఆరుబయట పనిచేసే వాళ్లకు కొదవ లేదు. పోర్టు స్టాక్‌యార్డులు, కంటెయినర్ యార్డులు, హైడ్రా క్రేన్ల మీద మనుషులు, షెడ్డు పైకెక్కి రేకులు మార్చేవాళ్లు. మెరుపుకీ ఉరుముకీ మధ్య మూడు సెకన్లకు ఒక కిలోమీటరు చొప్పున దూరం లెక్కగట్టవచ్చు. ముప్పై సెకన్లలోపు ఉరుము వినిపిస్తే మబ్బు పది కిలోమీటర్ల లోపే ఉన్నట్టు, పిడుగు మన దాకా రాగలదన్నట్టు. అప్పుడు పని ఆపి లోపలికి రావాలి, చివరి ఉరుము విన్నాక అరగంట దాకా బయటికి పోకూడదు. అద్దాలు ఎక్కించిన కారులో, లారీ క్యాబిన్‌లో ఉన్నవాడికి చుట్టూ ఉన్న ఇనుము కాపు కాస్తుంది. ఆటోలో, బైకు మీద ఆ రక్షణ లేదు. చెట్టు కింద అసలే లేదు.

ఆటోనగర్ వాళ్లకు ఇంకొకటి చెప్పాలి. ఇక్కడ వెల్డింగ్ కేబుళ్లు నేల మీద పాకుతూ ఉంటాయి. ఇన్సులేషన్ ఊడిన చోట టేపు చుట్టి నడిపిస్తుంటారు. ఎండాకాలమంతా దానితో ఏ ఇబ్బందీ ఉండదు. షెడ్డులోకి జానెడు నీళ్లు వచ్చిన రోజున ఆ టేపు చుట్టిన చోటే ప్రాణం తీస్తుంది. మబ్బు కనిపించగానే మెషిన్ ఆపి, మెయిన్ దించి, కేబుళ్లు పైకెత్తి కొక్కేనికి తగిలించడం రెండు నిమిషాల పని.

నీటికి గుర్తున్న దారి

ఉత్తరాంధ్రలో వాగును గెడ్డ అంటారు. మేఘాద్రిగెడ్డ, నరవగెడ్డ, ఎర్రిగెడ్డ, గంగులగెడ్డ. ఈ నగరం అటు కైలాసగిరి, సింహాచలం కొండలు, ఇటు యారాడ కొండ నడుమ గిన్నెలా ఉంటుంది. కొండల మీద పడ్డ ప్రతి చినుకూ ఈ గెడ్డల్లోంచే సముద్రానికి పోవాలి. 1933లో మొదటి ఓడను చేర్చుకున్న విశాఖ హార్బరు కూడా మేఘాద్రిగెడ్డ సముద్రంలో కలిసే చోటి బురద పల్లాన్ని తవ్వి కట్టినదే. ఆ తర్వాత రిఫైనరీ, షిప్‌యార్డు, 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారం, వాటి వెంట ఆటోనగర్ వచ్చాయి. పని వచ్చిన చోటికి మనుషులు వచ్చారు. గాజువాక మునిసిపాలిటీ స్థాయికి ఎదిగి, 2005లో మహా విశాఖలో కలిసింది. ఈ పెరుగుదలలో పల్లపు నేలలు ప్లాట్లయ్యాయి, గెడ్డల ఒడ్లు ఇళ్లయ్యాయి, కొన్ని గెడ్డలు పలకలు కప్పిన డ్రైన్లయ్యాయి.

ఒక ఎకరం మీద గంటలో యాభై మిల్లీమీటర్ల వాన పడితే రెండు లక్షల లీటర్ల నీరు. పదివేల లీటర్ల ట్యాంకర్లు ఇరవై. తుప్పలూ ఇసుకా ఉన్న నేల అయితే అందులో చాలా భాగం తాగేది. ఆటోనగర్‌లో ఎకరం అంటే దాదాపు అంతా రేకులు, సిమెంటు, తారు. నీరు ఇంకే జాగా లేదు. పడిందంతా ఒకేసారి డ్రైన్ మీదికి పరుగు తీస్తుంది. ఆ డ్రైన్‌లో అప్పటికే ఏముంది? నెలల తరబడి ఎండలో చేరిన మట్టి, లేత్ మెషిన్ల ఇనుప తుక్కు, రెగ్జిన్ ముక్కలు, థిన్నర్ డబ్బాలు, టీ కప్పులు, వీటన్నిటినీ జిగురులా పట్టి ఉంచే వాడేసిన ఆయిల్. సముద్రం పోటు మీద ఉన్న వేళ వాన పడితే గెడ్డ నీరు కిందికీ త్వరగా దిగదు. ఆ నీరు వెనక్కి తన్ని రోడ్డెక్కుతుంది. ఆయిల్ కలిసిన ఆ నీరే చివరికి గెడ్డల గుండా సముద్రం చేరుతుంది, మన వలల్లో పడే చేపలున్న సముద్రం.

జ్ఞానాపురం దగ్గర చావులమదుంలో ఏటా బండ్లు ఎందుకు ఆగిపోతాయో ఆ దారిన పోయేవారికి చెప్పనక్కర్లేదు. రైలు పట్టాల కింద ఉన్న పల్లంలోకి చుట్టుపక్కల నీరంతా దిగుతుంది.

సెల్ఫ్ కొట్టకండి

గట్టి వాన పడిన మర్నాడు ఆటోనగర్ షెడ్ల ముందు నీళ్లలో ఆగిపోయిన కార్లు వరస కడతాయి. ఇంజన్ విప్పాక కనబడేది ఒక్కటే: వంగిపోయిన కనెక్టింగ్ రాడ్. చెయ్యంత పొడవు కూడా లేని ఉక్కు ముక్క, పెట్రోలు మంటల తాకిడికి లక్షల సార్లు చెక్కుచెదరనిది, విల్లులా వంగి ఉంటుంది. జరిగేది ఇది. నీళ్లలో బండి నడుపుతుంటే గాలి తీసుకునే గొట్టం లోంచి నీరు సిలిండర్‌లోకి చేరుతుంది. పిస్టన్ గాలిని నొక్కగలదు, నీటిని నొక్కలేదు. ఇంజన్ ఆగిపోతుంది. అప్పటికి చాలాసార్లు నష్టం తక్కువే. యజమాని కంగారులో మళ్లీ మళ్లీ సెల్ఫ్ కొడతాడు. నొక్కుకుపోని నీటి మీద పిస్టన్‌ను బలవంతంగా తోస్తాడు, రాడ్ వంగుతుంది, ఒక్కోసారి బ్లాకును చీల్చుకుని బయటికి వస్తుంది. నీళ్లలో ఆగిన బండికి సెల్ఫ్ కొట్టవద్దు, బ్యాటరీ తీగ విప్పి తోయించుకుని రమ్మని ఇక్కడి మెకానిక్‌లు చెబుతూనే ఉంటారు.

ఇంజన్ పోతే డబ్బుతో పోతుంది. 2023 మేలో బెంగళూరు నడిబొడ్డున, కె.ఆర్. సర్కిల్ అండర్‌పాస్‌లో వేసవి వడగళ్ల వానకు నిండిన నీళ్లలో ఒక తెలుగు కుటుంబం వెళ్తున్న కారు మునిగిపోయింది. ఒక యువతి ప్రాణం పోయింది. పారే నీరు అరడుగు లోతుంటే చాలు, మనిషిని పడగొడుతుంది. అడుగు లోతుంటే చిన్న కారు తేలడం మొదలవుతుంది, రెండడుగులైతే పెద్ద బండ్లే కొట్టుకుపోతాయి. పైనుంచి చూస్తే లోతు తెలియదు, కింద మూత లేచిన మ్యాన్‌హోల్ ఉందో లేదో అసలే తెలియదు.

మన పిల్లలు వేలాదిగా స్థిరపడిన టెక్సాస్‌లో 2025 జులై 4 తెల్లవారుజామున గ్వాడలూప్ నది 45 నిమిషాల్లో 26 అడుగులు పెరిగింది. నూటముప్పై మందికి పైగా చనిపోయారు. అక్కడ హెచ్చరికలు వెలువడకపోలేదు. అర్ధరాత్రి నిద్రలో ఉన్న నదీతీరపు క్యాంపులకు అవి సమయానికి చేరలేదు. అంత సంపన్న దేశంలో కూడా తెగిపోయింది ఆ చివరి ముడే.

చివరి ముడి

మనకు సాధనాలు లేకపోలేదు. దేశంలో తుపానులను కనిపెట్టే మొదటి రాడార్ 1970లో విశాఖలోనే పెట్టారు. ఇప్పుడు కైలాసగిరి మీద డాప్లర్ రాడార్ ఉంది. మబ్బు ఎటు కదులుతోందో చూసి వాతావరణ శాఖ మూడు గంటల ముందస్తు హెచ్చరికలు ఇస్తుంది, దాన్ని నౌకాస్ట్ అంటారు. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారు చేసిన దామిని యాప్ మన చుట్టుపక్కల పిడుగు ముప్పును ఫోన్‌లోనే చూపిస్తుంది. విపత్తు నిర్వహణ సంస్థ తెలుగులో సందేశాలు పంపుతుంది.

కానీ ఆటోనగర్‌లో పనిచేసేవాడి ఫోన్ మేకుకు తగిలించిన చొక్కా జేబులో ఉంటుంది. సుత్తి మోతలో, గ్రైండర్ మోతలో అది మోగినా వినబడదు. ఇక్కడ పనికొచ్చేది సైరన్. 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలో రసాయన కంపెనీ నుంచి లీకైన స్టైరీన్ ఆవిరి ఊరి మీద పడినప్పుడు కంపెనీ సైరన్ మోగలేదని ప్రభుత్వ ఉన్నతస్థాయి కమిటీ తేల్చి చెప్పింది. ఆ పాఠం రసాయనాలకే పరిమితం చేసుకోనక్కర్లేదు. ఆటోనగర్‌లో పారిశ్రామిక స్థానిక సంస్థ ఐలా ఉంది, బ్లాకులవారీగా యజమానుల సంఘాలున్నాయి. బ్లాకుకొక సైరన్, నౌకాస్ట్ చూసి మోగించే బాధ్యత ఒక మనిషికి. ఒక్క లారీ బాడీ కట్టించే ఖర్చు కన్నా ఇది ఎక్కువ కాదు.

ఇంకొకటి నగరపాలక సంస్థకు. డ్రైన్ల పూడికతీత వర్షాకాలానికి ముందు జరగాలన్నది పాత ఆనవాయితీ. వర్షాకాలం అంటే నైరుతి అని, నైరుతి అంటే జూన్ అని లెక్క. టెండర్లు, పనులు, బిల్లులు అన్నీ ఆ లెక్కమీదే నడుస్తాయి. ఏప్రిల్‌లో, మేలో వచ్చే మొదటి గాలివానలు డ్రైన్లలో పూడిక నిండుగా ఉన్నప్పుడే పడుతున్నాయి. తీసిన పూడికను కూడా గట్టునే పోసి వదిలేస్తే ఆ వానకే అది తిరిగి డ్రైన్‌లో పడుతుంది. పూడిక తీయడం ఉగాదికి ముగియాలి, తీసిన మట్టి అదే రోజు లారీ ఎక్కాలి. కొండవాలు గోడలు, హోర్డింగులు, తీగల మీదికి వాలిన కొమ్మల తనిఖీ కూడా అప్పటికే పూర్తి కావాలి. చందనోత్సవం ఏర్పాట్లలో తాగునీరు, పార్కింగ్‌తో పాటు వాన వస్తే జనాన్ని ఎక్కడ నిలబెట్టాలన్నదీ రాసి ఉండాలి.

షెడ్డు యజమానులకు ఒక విన్నపం. ఈ ఆదివారం సెలవే కదా, ఒకరిని నిచ్చెన ఎక్కించి రేకుల జే-బోల్టులు ఒక్కొక్కటీ చేత్తో తిప్పి చూడమనండి. వదులైనవి బిగించండి. కేబుళ్లకు కొక్కేలు కొట్టించండి. మీ షెడ్డు ముందున్న డ్రైన్ పలక ఎత్తి లోపల చూడండి. వాడేసిన ఆయిల్ డబ్బాల్లో పట్టి అమ్మండి, డ్రైన్‌లో పోయకండి. రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ కంట్రోల్ రూం నంబర్లు 112, 1070, 1800 425 0101. మీ కుర్రాళ్లందరికీ కనబడేలా స్విచ్‌బోర్డు పక్కన పెయింటుతో రాయించండి.